ఆకులు కుక్కిన మనిషి

యాపిల్ సైడర్ అడుగంటకుండా గరిటె తిప్పుతూనే ఉండాలి. తిప్పుతూనే వంటింటి కిటికీలోంచి కాగితం గ్లాసులు అందిస్తూ ఉండాలి. పన్నెండేళ్లుగా హాలోవీన్ సాయంత్రం మార్లిస్ చూసిందల్లా ఆ కిటికీలోకి చాచిన చేతుల్నే. ఇంటి ముందు సమాధుల్లోంచి లేచే శవాల్నీ ఉరి వేసుకున్న పెళ్లికూతుళ్లనీ చూడటానికి పక్క ఊళ్ల నుంచి కూడా జనం కార్లేసుకుని వస్తారు. గేటు మీద 'డ్వేన్ దెయ్యాల దొడ్డి' అని బోర్డు ఉంటుంది.

చెక్కలు కోసేది, మోటార్లు బిగించేది, దీపాలు పెట్టేది మొగుడు డ్వేనే, కాదనకూడదు. కానీ ఆ దెయ్యాల ఒళ్లూ బట్టలూ మార్లిస్ చేసినవి. బడి వంటశాలలో మూడొందల మంది పిల్లలకు వడ్డించి వచ్చాక, రాలిన మేపుల్ ఆకులు పోగేసి, ఎండబెట్టి, గుడ్డల్లో కుక్కి మనుషుల్ని చేసేది ఆమె. "మావాడి చేతిలో ఏముందో గానీ" అని అత్తగారు ఓపల్ వచ్చినవాళ్లందరి దగ్గరా మురిసిపోయేది. చేతిలో ఏముందంటే, పెళ్లాం ఉంది.

ఈ ఏడు ఆగస్టులోనే ఒక ముసలిదాని తలా చేతులూ కావాలన్నాడు డ్వేన్. దేనికంటే నీకెందుకన్నాడు. పాత స్టాకింగ్స్‌లో దూది పెట్టి, ముడత ముడతకీ సూది దించి మూడు వారాలు కుట్టింది. ఆ రోజుల్లోనే కాలేజీ నాటకశాలలో దుస్తులు కుట్టే మనిషి కావాలని నోటీసు చూసింది. నవంబరు ఒకటిన రమ్మన్నారు, చేసిన పని ఏదైనా తెచ్చి చూపించమన్నారు. "యాభై మూడేళ్లకి నిన్నెవరు తీసుకుంటారే? ఏం చూపిస్తావు, సూప్ గిన్నెనా?" అని డ్వేన్ నవ్వాడు. నవ్వినందుకు కోపం రాలేదామెకు, చూపించడానికి నిజంగానే ఏమీ లేదనుకుంది. ఆ నవంబరు ఒకటి రేపే. వేసుకెళ్దామని తీసిపెట్టుకున్న ఆకుపచ్చ కోటు పొద్దుటి నుంచీ కనిపించడం లేదు.

ఏడు కొట్టేసరికి సైడర్ అయిపోయింది. మళ్లీ కాచడానికి ఒంట్లో ఓపిక లేదు. శాలువా కప్పుకుని, ఇల్లు చుట్టి వచ్చి, రోడ్డు మీద జనం వెనక వరసలో నిలబడింది. ఎవరూ గుర్తుపట్టలేదు. తన ఇంటికి తానే చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.

దీపాల వెలుగులో పెళ్లికూతుళ్లు గాలికి మెల్లగా తిరుగుతున్నారు. ఏడాది పొడుగునా మంచాల కింద దుమ్ము కొట్టుకుపోయే బొమ్మలేనా ఇవి? బాగున్నాయి. చాలా బాగున్నాయి. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించింది.

బొమ్మల వరస చివర, వారం నుంచీ డ్వేన్ టార్పాలిన్ కప్పి దాచినది ఇవాళ తెరిచి ఉంది. అదొక వంటిల్లు. నల్లటి పెద్ద గిన్నె, మోటారుతో గిర్రున తిరిగే గరిటె. ఆ గరిటె పట్టుకుని, ఆకులు కుక్కిన పాత బొమ్మ ఒంటికి ఆమె కుట్టిన తలా చేతులూ తగిలించిన ముసలిది నిలబడి ఉంది, ఒంటి మీద ఆమె ఆకుపచ్చ కోటు, ముక్కు మీద ఆమె పాత కళ్లజోడు. మెడలో అట్టముక్క: 'అసలు దెయ్యం, మా ఆవిడ'.

"ఇది నకలే," డ్వేన్ జనానికి చెబుతున్నాడు. "అసలుది వంటింట్లో ఉంది. సైడర్ తాగుతూ చూసుకోండి."

జనం పగలబడి నవ్వారు. మార్లిస్‌కి ఏడుపొచ్చింది. ఎవరైనా గుర్తుపడతారేమోనని శాలువా మొహం మీదికి లాక్కుంది. సిగ్గుపడాల్సింది తను కాదని తెలుసు, అయినా సిగ్గుతో చచ్చిపోయింది.

పక్కనున్న ఎర్ర టోపీ ఆవిడ మాత్రం నవ్వలేదు. జనంలోంచి ముందుకెళ్లి, అడ్డంగా కట్టిన తాడు మీంచి వంగింది.

"ఆ చేతి మీద నరాలు చూడండి. ప్రాణం ఉన్నట్టే ఉంది. ఎవరండీ కుట్టింది?"

"అంతా నేనే," అన్నాడు డ్వేన్. తడుముకోలేదు కూడా.

మార్లిస్ కూడా ఆవిడ వెనకే వెళ్లి ఆ చేతిని చూసింది. నీలం దారంతో నరాలు, బొటనవేలి పక్కన కాలిన మచ్చ. బడి పొయ్యి దగ్గర కాలిన తన మచ్చే అది. ఎప్పుడు కుట్టిందో గుర్తు కూడా లేదు. ఇంత పని చేసి, చూపించడానికి ఏమీ లేదనుకుందా తను?

తాడు దాటి లోపలికి వెళ్లింది. అట్టముక్క తీసి గిన్నెలో పడేసింది. ముసలిదాన్ని ఇనపకడ్డీ మీంచి లేపి భుజాన వేసుకుంది. ఇదీ ఆటలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. కారు దాకా నడిచి, ముందు సీట్లో దాన్ని కూర్చోబెట్టి బెల్టు పెట్టేసరికి డ్వేన్ పరుగున వచ్చాడు.

"పరువు తీస్తున్నావేంటే?" గొంతు తగ్గించాడు. "దాన్నెక్కడికి తీసుకెళ్తున్నావు?"

"చేసిన పని తెచ్చి చూపించమన్నారుగా. ఈ రాత్రికి అక్కింట్లో పడుకుంటా, పొద్దున్నే కాలేజీకి వెళ్లడానికి దగ్గర."

"మరి సైడర్ సంగతో? జనం అడుగుతున్నారు."

మార్లిస్ వెనక్కి చూసింది. మనిషి లేకపోయినా మోటారు మానలేదు, ఖాళీ గిన్నెలో గరిటె తిరుగుతూనే ఉంది.

"వంటిల్లు కట్టింది నువ్వే కదా డ్వేన్," అంది. "వెళ్లి నిలబడు."