పంతొమ్మిది పేర్లు లేని గోడ

కోర్టు మూడో అంతస్తు వరండాలో సర్కారు లాయరు లోసాకి నచ్చజెబుతున్నాడు. గిడ్డంగి బయట ముగ్గురు కలిసి ఆమె కొడుకు సెఫాని కొట్టి చంపి ఏడు నెలలైంది. విచారణ దాకా పోతే వాళ్లు తప్పించుకోవచ్చట. "హత్య" అన్న మాట తీసేసి "ఉద్దేశం లేకుండా ప్రాణం తీయడం" అని రాస్తే నేరం ఒప్పుకుంటారట.

"మీ పక్కనున్నావిడనే అడగండి," అన్నాడు. "రెండేళ్ల కిందట ఆవిడా సరేనన్నారు. ఏ గొడవా లేకుండా అయిపోయింది."

తోడుగా వచ్చిన నోరీన్ తల దించుకుంది. లోసా ఆమె వంక ఒకసారి చూసి మెట్ల వైపు నడిచింది. ఆగి తిట్టినా బాగుండేదనిపించింది నోరీన్‌కి.

నోరీన్ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి. ఆమె కూతురు జోడీని, కలిసి బతుకుతున్నవాడే గొంతు నులిమి చంపాడు. ఆ రోజు ఇదే లాయరు ఇదే సంగతి అడిగితే నోరీన్ "పర్లేదండీ" అంది. కాలు తొక్కినవాడికీ, సెలవు ఇవ్వనివాడికీ ఆమె చెప్పేది ఆ మాటే. పోర్ట్ కెంబ్లా ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ పక్క వీధుల్లో, గొడవ చెయ్యనివాళ్లే మంచివాళ్లని పిల్లలకి పాలతోపాటు పడతారు. తర్వాత బాధిత కుటుంబాల సంఘంలో చేరినప్పుడు మాత్రం, తనని అడక్కుండానే కేసు మార్చేశారని చెప్పింది. అందరూ నమ్మారు. కావలించుకుని ఏడ్చారు కూడా.

ఆ గురువారం మధ్యాహ్నం ఓడరేవు కార్మికుల యూనియన్ హాల్లో సంఘం కూడింది. అలవాటు ప్రకారం ఎవరి వంటకం వాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. మంత్రి ఉత్తరం చదివారు. మూడేళ్లు ఊరేగింపులు తీసి, సంతకాలు పోగుచేసి అడిగింది చివరికి ఇస్తున్నారు. హతుల కుటుంబాలకి ఏటా ఒక స్మరణ దినం, సముద్రం ఒడ్డు పార్కులో పేర్ల గోడ. కానీ కోర్టు కాగితంలో "హత్య" అని ఉన్నవాళ్ల పేర్లే ఉంటాయి. నలభై మూడు కుటుంబాల్లో పంతొమ్మిదింటికి చోటు లేదు.

వచ్చింది తీసుకుందాం, మిగతావాళ్ల కోసం వచ్చే ఏడు పోరాడదాం అన్నాడు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి దిగిపోయిన క్లెమ్. అతని తమ్ముడు డెస్ పేరు జాబితాలో ఉంది.

"వచ్చే ఏటికి నీ కుర్చీ మెత్తగా ఉంటుందిలే, మేం గుర్తుండం," అన్నారెవరో.

"మీరు ఒప్పుకోబట్టే కదా తల్లీ ఆ మాట పోయింది?" అంది జాబితాలో పేరున్నవాళ్ల తాలూకు ఒకామె.

ఒప్పుకున్నదెవరు, మమ్మల్ని అడిగిందెవరు అని హాలంతా లేచింది. ఆ గోలలో నోరీన్ నిలబడింది.

"నన్ను అడిగారు. నేను పర్లేదన్నాను. దాంతో నా బిడ్డ హత్య కాగితం మీంచి పోతుందని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీకు అబద్ధం చెప్పాను. ఇప్పుడు నన్ను చూపించి లోసాని ఒప్పిస్తున్నారు."

ఎదుటి బెంచీలో ఒకామె నోరీన్ తెచ్చిన కేకు పళ్లేన్ని దూరంగా నెట్టింది.

లోసా లేచి నోరీన్ ఎదురుగా నిలబడింది. "ఆ రోజు వరండాలో నీ మొహాన ఉమ్మేద్దామనుకున్నా. ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆ లాయరు నీ సిగ్గుని సాక్షిగా పెట్టుకున్నాడు. నువ్వు దాచినన్నాళ్లే అది వాడికి పనికొచ్చింది. నేను ఒప్పుకోను."

అందరి పేర్లూ ఉండాలి, లేకపోతే ఎవరి పేరూ వద్దని తీర్మానం పెట్టారు. చేతులన్నీ లేచాయి, క్లెమ్‌ది తప్ప.

సర్కారు ఆ తీర్మానాన్ని పట్టించుకోలేదు. చెప్పిన రోజుకి గోడ మీద ఇరవై నాలుగు ఇత్తడి పలకలు బిగించింది. కుటుంబాలన్నీ కుర్చీల వెనక కట్టిన తాడుకి ఇవతలే నిలబడ్డాయి. క్లెమ్ ఒక్కడే కోటు వేసుకుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. ఈ రోజు మీ అందరిదీ అని మంత్రి మొదలుపెట్టాడో లేదో, క్లెమ్ లేచి గోడ దగ్గరికి నడిచాడు. తమ్ముడి పేరు తడుముకోవడానికనుకున్నారు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి నాలుగు మరలూ విప్పి, పలకతో తాడు దగ్గరికొచ్చాడు.

"ఆలస్యమైంది," అన్నాడు లోసాతో.

మావాడిదీ విప్పమని ఒకామె తాడు దాటింది. ఆమె వెనక ఇంకొకామె. క్లెమ్ మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే విప్పాడు. ఏడో పలక దగ్గర పోలీసులు క్లెమ్ రెక్కలు విరిచిపట్టారు. సర్కారు ఆస్తి పాడుచేస్తున్నాడట. స్క్రూడ్రైవర్ గడ్డిలో పడింది.

నోరీన్ దాన్ని తీసుకుంది. ఆ గోడ మీద జోడీ పేరు లేదు. ఎన్ని మరలు విప్పినా తను పోగొట్టిన మాట తిరిగి రాదని ఆమెకి తెలుసు. అయినా గోడ వైపు నడిచింది. పోలీసు ఆమె వైపు వస్తుంటే లోసా మధ్యలో నిలబడింది, లోసా పక్కన నలభై కుటుంబాలు.

"ఎనిమిదోది ఎవరిది?" అనడిగింది నోరీన్.