దీపాలవారి మీసం

మా అమ్మాయి రాసిన కథలో ఒక ఊరుంది. పొద్దువాలేసరికి ఆ ఊళ్లోకి పొగమంచు వస్తుంది. వచ్చి ఊరుకోదు, వీధుల్ని చాపల్లా చుట్టి చంకన పెట్టుకుపోతుంది. చెప్పుల దుకాణం ఉండాల్సిన చోట బడి ఉంటుంది. బడి ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. అప్పుడు దీపాలవారని ఒకరు ఊరి నడుమనున్న బురుజెక్కి దీపం వెలిగిస్తారు. వెలుగు పడిన చోటల్లా వీధులు సిగ్గుపడుతూ వెనక్కొచ్చి ఎక్కడివక్కడ పరుచుకుంటాయి.

కథ చదివి వినిపించి, ఎలా ఉందని అడిగింది. ఇంటికి చేరనివాళ్లు ఎవరైనా మిగిలిపోయారా అని అడిగాను.

"లేరమ్మా, అందరూ చేరిపోయారు" అంది.

అయినా నాకు నమ్మకం చిక్కలేదు. నా తీరే అంత. పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులు గుర్తొస్తాయి, ఫోను ఎత్తకపోతే ఆసుపత్రి గుర్తొస్తుంది.

నేను పనిచేసేది అచ్చాఫీసు వెనక గదిలో. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలు, ఫారాలంటాం, వాటిని మడవడం, కుట్టడం, అట్టలంటించడం నా పని. అమ్మాయి పక్క వీధిలో జిరాక్సు దుకాణంలో ఉంటుంది. మా యజమాని పెద్దాయన వేసే పిల్లల కథల పుస్తకంలో దాని కథ తీసుకున్నారని తెలిసిన రోజు నుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు. అది రాసింది అచ్చుకెక్కడం ఇదే మొదలు. కాగితం చాలదంటారేమో, పెద్దాయన మనసు మారుతుందేమో, మిషనుకు మంటలంటుకుంటాయేమో అని ఒకటే గుబులు. అన్నీ అనుకున్నాను గానీ మీసం సంగతి మాత్రం నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం కథకి వేసిన బొమ్మ ప్రూఫు వచ్చింది. అమ్మాయి భోజనం వేళకు నా దగ్గరికొచ్చి చూసింది. మంచులో బురుజు, మెట్ల మీద దీపాలవారు, ఆ ముఖానికి చీపురుకట్టంత మీసం.

దాని ముఖం పాలిపోయింది. నేరుగా పెద్దాయన గదిలోకి వెళ్లింది. దాని వెనకే నేనూ, చేతి జిగురు తుడుచుకుంటూ.

"సార్, దీపాలవారు ఆవిడండి" అంది.

పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టారు. "ఆవిడా? అలా అని ఎక్కడ రాశావు తల్లీ? ఎక్కారు, వెలిగించారు, దిగారు. అంతా 'రు' కదా."

"ఆడవాళ్లకి 'రు' పెట్టకూడదాండీ?"

"పెట్టొచ్చు. కానీ దీపాలవారు ఎక్కారు అంటే ఎవరికైనా ఒక పెద్దమనిషి కనబడతాడు. పోనీ, ఎక్కింది, వెలిగించింది అని మార్చెయ్. బొమ్మ మార్పించే పూచీ నాది."

"పిల్లి ఎక్కింది, దీపం ఆరింది, ఆవిడ ఎక్కింది. అన్నీ ఒక్క గాటనే కట్టేస్తామా సార్? మగవాడైతే పిల్లాడికి కూడా ఎక్కాడు అని విడిగా ఒకటుంటుంది. ఊరంతటికీ దారి చూపించే మనిషికి నేను ఒక్క 'రు' ఇచ్చుకున్నాను. అది తియ్యను."

"మరి మీసం ఉంటుంది."

"మీసం ఉంటే నా కథ వద్దు, తీసేయండి."

పెద్దాయన గడియారం వైపు చూశారు. సాయంత్రానికి ఫారం మిషనెక్కాలి. "సాయంత్రం దాకా ఆలోచించుకో అమ్మా" అన్నారు. కసురుకున్నా బాగుండేది. మెత్తగా అన్నారు, నాకు అదే భయమేసింది.

అది జిరాక్సు దుకాణానికి వెళ్లిపోయింది. ఇక కలం ముట్టదు అనుకున్నాను. పొగరు పిల్లని పేరొస్తుంది, ఇంకెవ్వరూ దాని రాత తీసుకోరు, లోలోపలే కుమిలి చిక్కిపోతుంది. ఫారాలు మడుస్తున్నాను గానీ చేతుల కింద కాగితం మంచులా ఉంది. మడత పెట్టిన కొద్దీ ఏదో ఒక వీధి మాయమవుతున్నట్టుంది.

నా ఎదురుగా కుట్టే ఆవిడ నన్ను వదినా అంటుంది. నోరు మహా చెడ్డది. సంగతంతా విని దారం కొరికి, "పెద్దమనిషి కనబడతాడటనా? మనల్ని పెద్దమనిషి అయింది అని ఊరంతా చెప్పుకుంటారు చూడు వదినా, అదే మొదలు, అదే ఆఖరు. ఆ తర్వాత జన్మలో ఒక్కరైనా మనల్ని పెద్దమనిషి అన్నారా?" అంది.

నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచాను. నా అంతట నేను ఒకరి దగ్గరికి వెళ్లి ఏదైనా అడగడం నాకు అలవాటు లేదు. కాళ్లే తీసుకెళ్లాయి.

బొమ్మలేసే ఆయన గది మేడమీద. అందరూ ఆయన్ని మీసాల బాబాయి అంటారు. ఆయనకు మాత్రం మీసం లేదు, ఉన్నవన్నీ బొమ్మలకు పంచేశాడని కింద హాస్యమాడుకుంటారు. కిటికీలోంచి తెల్లటి ఎండ పడుతోంది, రంగుల గిన్నెల్లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఆ గదిలో చప్పుడు కూడా దూది చుట్టుకుని వస్తున్నట్టుంది.

విషయం చెప్పాను. ఆయనేమీ అనుకోలేదు. కుంచె తెల్లరంగులో ముంచి ఒక్క గీతతో మీసం తీసేశారు. ఇద్దరం చూశాం.

"ఎలా ఉందమ్మా?"

"గడ్డం గీయించుకుని పెళ్లిచూపులకి వెళ్తున్నట్టున్నాడు బాబాయిగారూ."

ఆయన గట్టిగా నవ్వి చెవులకు పోగులు పెట్టారు. పెదవులు ఎర్రగా చేశారు. ఆ ముఖాన్ని చూస్తే మంచులోకి కాదు, ఫొటో దిగడానికి వచ్చినట్టుంది.

"ఇలా ఇస్తే మా అమ్మాయి ఇంకా బాధపడుతుంది" అన్నాను.

"మీసం పెడితే మగాడు, పోగులు పెడితే ఆడది. నలభై ఏళ్లుగా నాకు తెలిసిన విద్య ఇదే. సరే, నువ్వు చెప్పు. కళ్లు మూసుకో. ఆవిడ ఎలా వస్తోంది?"

కళ్లు మూసుకున్నాను. మంచు వచ్చింది. అది నిజంగానే చల్లగా ఉంది. కథ విన్నప్పుడు నాకూ ఎవరో దగ్గుతున్న ముసలాయనే కనబడ్డాడు. ఇప్పుడు ఆయన లేడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడుతోంది.

"తొందరగా వస్తోంది బాబాయిగారూ, పొయ్యి మీద ఏదో పెట్టొచ్చినట్టు. భయపడుతూనే వస్తోంది. ఊళ్లో అందరూ బయటే ఉన్నారు కదా, ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో అని. చేతుల నిండా నూనె. జుట్టు కళ్లలో పడుతోంది, వేళ్లతో తీసుకోడానికి లేదు..."

"ఆగు. అలాగే ఉండు" అన్నారాయన.

కళ్లు తెరిచాను. నా చెయ్యి నుదుటి దగ్గరుంది. జిగురు వేళ్లు తగలకుండా మణికట్టు వెనక భాగంతో జుట్టు పైకి తోసుకుంటున్నాను. రోజంతా చేసే పనే, నేను గమనించను కూడా. కదలకుండా నిలబడ్డాను. పెన్సిలు గీతల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంతసేపో చెప్పలేను. ఎండ ఒక గిన్నె మీంచి ఇంకో గిన్నె మీదికి జరిగింది.

బొమ్మ తిప్పి చూపించారు. పోగుల్లేవు, ఎర్ర పెదవుల్లేవు. మెట్ల మధ్యలో ఒక మనిషి, మణికట్టుతో జుట్టు తోసుకుంటూ పైకి చూస్తోంది. నా ముఖం కాదు, ఎవరి ముఖమో. కానీ ఆ మనిషి వెలిగించకుండా దిగదని చూస్తేనే తెలుస్తోంది.

వెంటనే ఇంకొకటి కూడా కనబడింది.

"బాబాయిగారూ, మెట్లకి పక్కన ఏమీ లేదు."

"బురుజు కదమ్మా, పాతకాలంది."

"ఒక రెయిలింగు వేయండి. చేతులకి నూనె, కళ్లలో జుట్టు. జారితే ఎవరు చూస్తారు?"

ఆయన మళ్లీ పెన్సిలు తీసి గీశారు.

బొమ్మ పెద్దాయన బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని చూశారు. "ఈవిడెవరు?" అన్నారు. అనేసి తన మాట తనే విన్నట్టు ఆగారు. తర్వాత అమ్మాయి కాగితం తీసి, వేలు పెట్టి, బడిపిల్లాడిలా పైకి చదివారు. "దీపాలవారు మెట్లెక్కారు. దీపం వెలిగించారు." మళ్లీ బొమ్మ చూశారు. ఒక్క అక్షరం కూడా కొట్టేయకుండా ఫారం మిషనుకు పంపించేశారు.

మర్నాడు తడి ఆరని ఫారం ఒకటి ఇంటికి తీసుకెళ్లాను. అమ్మాయి దాన్ని నేల మీద పరిచి, దాని మీదికి వంగి చాలాసేపు అలాగే ఉంది. నచ్చలేదేమో, ఏడుస్తుందేమో అని నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను.

"అమ్మా, ఈ రెయిలింగు కథలో లేదే" అంది చివరికి.

"నేనే వేయించాను. ఉండనీ."

అది వేలితో ఆ రెయిలింగు వెంట కిందనుంచి పైదాకా, దీపం దాకా మెల్లగా తడిమింది. "ఉండనీలే" అంది.