సౌండు లేని వదిన

మా వదిన పోయాక ఈ ఇంట్లో ఎక్కువగా నవ్వుతున్న మనిషి ఆవిడే. నమ్మకపోతే సాయంత్రం పూట మా ముందుగదిలోకి వచ్చి చూడండి. ఒళ్ళో బొంత పరుచుకుని, సూదిలో దారం ఎక్కిస్తూ, టీవీలో కూర్చుని ఉంటుంది. కాసేపటికి పకపకా నవ్వుతుంది. బతికున్నన్నాళ్ళు ఆవిడ పళ్ళు ఎలా ఉంటాయో నేను సరిగ్గా చూసింది లేదు.

ఇదంతా ఆ డబ్బా తెచ్చిన తంటా. మా మేనల్లుడు, అంటే వదిన కొడుకు, లారీ నడుపుతాడు. ఇంట్లో ఉండేదే తక్కువ, ఉన్నప్పుడు పడుకునేదే ఎక్కువ. ఒకసారి వస్తూ వస్తూ ఫోను కవర్లు అమ్మే బండి మీద దాన్ని కొనుక్కొచ్చాడు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. దానికి పెన్‌డ్రైవ్ గుచ్చి, మూడు వైర్లు టీవీ వెనకాల పెడితే, పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ టీవీలో వస్తాయి. పసుపు వైరు బొమ్మకి, ఎరుపూ తెలుపూ సౌండుకి. "కేబులువాడి పీడ వదిలింది అత్తా. నీ పాత సినిమాలన్నీ ఇందులో ఎక్కించేశా" అన్నాడు. చవక సరుకు గనక దానికో తిక్క ఉంది. పెట్టిందే పెడుతుంది. వీడియో అయిపోతే మళ్ళీ మొదటినుంచి అదే మొదలెడుతుంది, ఎవరో ఒకరు లేచి ఆపేదాకా.

మా అన్నయ్య కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడించేవాడు. బుట్టల వరస మధ్య నిలబడి ఆయన గొంతెత్తితే అవతలి గేటు దగ్గర బండ్లు కూడా ఆగేవి. మార్కెట్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అందరికీ 'మైకు'. ఇంటికొచ్చాక ఆ మైకుని కట్టేసే స్విచ్ ఎవరి దగ్గరా లేదు. వదినను ఏమని పిలిచేవాడని అడిగితే నేను రెండు మాటలు చెప్పగలను. పని ఉంటే "ఏయ్", పని లేకపోతే "నోర్ముయ్". ఆయన మాట తీరే అంత, మనసులో ఏమీ ఉండదు. ఆవిడా నోట్లో నాలుక లేని మనిషే. ఆయన ఒంటికాలి మీద లేస్తే కుక్కిన పేనులా పడి ఉండేది. ఆ అణకువ మేం నేర్పిందేనని వచ్చినవాళ్ళకు నేను చెప్పుకునేదాన్ని.

నా సంగతీ చెప్పాలి కదా. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేశాను. మా ఆయనతో పడక, నాలుగు రోజులుండి పోదామని అన్నయ్య ఇంటికి వచ్చాను. వదిన ఒక్కతీ ఇల్లు ఈదలేకపోతోందని ఉండిపోయాను. చాకిరీ ఆవిడే చేసేది, అది వేరే సంగతి. ఇంటిమీద ఒక కన్నంటూ ఉండాలి కదా. ఆవిడ పక్కింటి టైలరమ్మ దగ్గర కబుర్లకు కూర్చున్నా, పొయ్యి మీద పాలు పొంగబెట్టినా అన్నయ్య రాగానే చెప్పేసేదాన్ని. కడుపులో పెట్టుకునే అలవాటు నాకు లేదు. ఆ తరవాత ఆయన అరిస్తే అది మొగుడూపెళ్ళాల గొడవ, మధ్యలో నేనెందుకు?

వదిన జ్వరంతో పోయింది. ఏడాది తిరక్కుండా అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, నోరు పోయింది. "ఊఁ" తప్ప ఇంకో ముక్క రాదు. బుర్ర మాత్రం శుభ్రంగా ఉంది, చెవులకేం ఢోకా లేదు. ముందుగదిలో టీవీకి ఎదురుగా మంచం వేశాం. చేసేది కోడలే. మేనల్లుడి పెళ్ళాం అంటే నాకు కూతురి వరస. అయినా ఆ పిల్ల మనసులో ఏముందో నాకు ఏనాడూ అంతుబట్టలేదు. నంగనాచి. తల వంచుకుని అన్ని పనులూ చేస్తుంది, ఒక్క పనిలోనూ తప్పు దొరకదు. అలాంటివాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

ఒకసారి అన్నయ్య అన్నం మానేశాడు. ముద్ద నోటి దగ్గరికి తెస్తే మూతి బిగించేవాడు. అప్పుడు కోడలు పెన్‌డ్రైవ్‌లో వెతికి ఆ వీడియో పెట్టింది. బొంత కుట్టడం నేర్చుకుందామని అత్తగారిని ఎప్పుడో ఫోనులో తీసిందట. వదిన బొమ్మ టీవీ నిండా వచ్చేసరికి అన్నయ్య నోరు దానంతటదే తెరుచుకుంది. ముద్ద లోపలికి వెళ్ళింది.

"సౌండు రావట్లేదేంటమ్మాయ్?" అన్నాను.

"దీనికి లేదండీ పిన్నిగారూ. ఫోను పాతది, సౌండు పడలేదు" అంది కోడలు.

వీడియోలో వదిన కుడుతూ మాట్లాడుతుంది. పెదవులు కదులుతూనే ఉంటాయి. ఆవిడకు అన్ని మాటలు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. చివర్లో సూది పక్కన గుచ్చి, చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ఏదో అంటుంది. ఒక వేలు చూపిస్తుంది. రెండు వేళ్ళు చూపిస్తుంది. అంతే, ఇక ఆపుకోలేక బొంత మీద పడి నవ్వుతుంది. దారం పోగులు లెక్కపెడుతోంది కాబోలు అనుకున్నాను.

అన్నయ్య అలా అనుకోలేదు. ఆ నవ్వు దగ్గరికి వచ్చేసరికి నమలడం ఆపేసేవాడు. టీవీ రిమోటు ఎడమచేత్తో పట్టుకుని సౌండు మీట నొక్కేవాడు. వదిన ముఖం కింద పచ్చగీత పెరిగేది, పెరిగి పెరిగి ఆ చివరికి ఆనేది. సౌండు మాత్రం వచ్చేది కాదు. నా వైపు తిరిగి కనుబొమ్మలెత్తి "ఊఁ?" అనేవాడు. కోడలి వైపు తిరిగి "ఊఁ?" అనేవాడు. ఆవిడ ఎందుకు నవ్వింది? ఆయనకు ఈ లోకంలో ఇక కావలసింది అదొక్కటే. ఆవిడతో కాపురం చేసినన్నాళ్ళు నోరు ముయ్యమన్న మనిషి, ఆవిడ నోట్లోంచి ఒక్క మాట కోసం మంచం మీద గిలగిల్లాడిపోయాడు. మళ్ళీ అన్నం మానేశాడు.

నేను పనిచేసింది ఎక్కడ? టెలిఫోను బోర్డు ముందు. ఏ తీగ ఎక్కడ పెడితే ఎవరి గొంతు వస్తుందో నాకు ఒకరు చెప్పాలా? నా సినిమాలకు సౌండు వస్తోంది, వదినకు రావట్లేదు. పైగా వదినను పెట్టే ముందు ఈ పిల్ల టీవీ వెనక చెయ్యిపెట్టి ఏదో కెలుకుతోంది. నా సినిమా ముందు మళ్ళీ కెలికి, రిమోటు తీసుకుని సౌండు తగ్గిస్తోంది. కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తున్నప్పుడు వెళ్ళి చూశాను. వదిన టీవీలో కుడుతోంది. పసుపు వైరు దాని చోటులో ఉంది. ఎరుపూ తెలుపూ ఊడిపోయి గోడకు వేళ్ళాడుతున్నాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ సంగతి నలుగురి ముందూ తేలాలనుకుని టైలరమ్మను కేకేసి పిలిచాను. ఆవిడ మెళ్ళో టేపు అలాగే వేసుకుని వచ్చింది. కోడల్ని కూడా పిలిచి, వైర్లు చేత్తో ఎత్తి చూపించాను.

"ఇవేంటమ్మాయ్?"

కోడలు చేతిలో తడిబట్ట తలుపు మీద వేసింది.

"సౌండు పడలేదన్నావు. పడినట్టే ఉందే."

"వద్దు పిన్నిగారూ. ఆయన వినకపోవడమే మంచిది" అంది. "మీరూ వినకండి" అని కూడా అంది.

"నేనెందుకు వినకూడదు? ఆవిడ నీకు అత్తగారు కాకముందే నాకు వదిన."

"అందుకేనండీ."

"చూశావా టైలరమ్మా, మాటకు మాట ఎలా చెబుతోందో. మంచంలో ఉన్న మనిషిని ఇలా కాల్చుకు తింటోంది. ఆయన తిరుగుతున్న రోజుల్లో అయితే ఈ ధైర్యం చేసేదానివా?"

"అప్పుడు ఎవరం ఏ ధైర్యం చేశాం లెండి" అని కోడలు గోడవారగా జరిగి నిలబడింది. అడ్డం మాత్రం రాలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

అన్నయ్య నా చేతిలో వైర్లు చూశాడు. తల ఊపుతూ "ఊఁ, ఊఁ" అన్నాడు. ఆ కళ్ళలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. నా అన్న కోసం ఆ మాత్రం చెయ్యలేనా అనుకుని ఎరుపు ఎర్రదాంట్లో, తెలుపు తెల్లదాంట్లో గుచ్చాను. పచ్చగీత ఆ చివరన ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

వదిన గొంతు ఇల్లు ఎగిరిపోయేలా వచ్చింది. కిటికీ రెక్కలు అదిరాయి. వీధిలో ఎవరో సైకిలు ఆపారు.

"కుట్లు దగ్గరదగ్గరగా పడాలమ్మా, లేకపోతే రెండు ఉతుకులకే పొర జారిపోతుంది" అంటోంది వదిన.

"ఈ చొక్కా మామయ్యగారిదేనా అత్తయ్యా?" వీడియోలో కోడలి గొంతు.

"ఆయనదే. గుడ్డ అరిగి ఎంత మెత్తబడిందో చూడు. తొడుక్కున్న మనిషికే ఆ గుణం రాలేదు." దారం పంటితో తెంపింది. "నాకు వేరే కోరికలేం లేవు తల్లీ. ఆ నోరొక్కటి పడిపోతే చాలు. కాలూ చెయ్యీ పడిపోయినా పరవాలేదు, లేపి కూర్చోబెట్టి ముద్దలు పెట్టుకుంటాను. ఆ నోరొక్కటి పడిపోవాలి."

కోపంగా అనలేదు. కొట్టుకు వెళ్ళినవాళ్ళతో సబ్బు కూడా తెమ్మన్నట్టు అంది. అన్నయ్య చేతిలో రిమోటు దుప్పటి మీద పడింది. నేను వైరు పీకబోయాను గానీ, టీవీలో వదిన అప్పటికే సూది పక్కన గుచ్చి, చెయ్యి నోటి దగ్గర పెట్టేసుకుంది. వచ్చింది ఆవిడ గొంతు కాదు. అచ్చం అన్నయ్య గొంతు, మార్కెట్లో బుట్టల మధ్య నిలబడి ఎత్తే గొంతు.

"రండి బాబూ రండి. పాత సరుకు. అరవడం తప్ప ఇంకే పనీ రాదు. ఎవరు పాడతారు? ఎవరూ లేరా? సరే, కొసరు కూడా వేస్తాను. చెల్లెలు. కూర్చున్నచోటు నుంచి లేవదు, చాడీలు మాత్రం ఎన్నైనా మోస్తుంది. అన్నకు తగ్గ చెల్లెలు, విడిగా ఇవ్వం. తీసుకున్నాక వాపసు లేదు. ఒకటోసారి. రెండోసారి."

ఇక నవ్వు. వదిన నవ్వు, దాంతో పాటు కోడలి నవ్వు. ఫోను పట్టుకున్న చెయ్యి ఊగిపోయి బొమ్మంతా కదిలిపోయింది. మూడోసారి అనలేకపోయింది ఆవిడ, అంత నవ్వు.

నాకు తల కొట్టేసినట్టయింది. టైలరమ్మ గోడవైపు తిరిగి టేపు సర్దుకుంటోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను" అని వెళ్ళిపోయింది. ఆవిడ ఆ వేళప్పుడు పాలు కాచదు. ఆ సాయంత్రానికే వీధిలో నా పేరు కొసరు అయిపోయింది.

ఆవిడకు ఇంత చేసిన నన్ను పట్టుకుని అంత మాట అంటుందా? నేను ఏం మోశాను? ఉన్నవే చెప్పాను. డబ్బా మాత్రం తిక్కదే కదా, అప్పుడే మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది. కుట్లు దగ్గరదగ్గరగా పడాలమ్మా అంటోంది వదిన. నేను వంగి ఎర్రవైరు పట్టుకున్నాను. మంచం పక్కనున్న స్టీలు గ్లాసు వచ్చి నా మోచేతికి తగిలింది. ఎడమచేత్తో కూడా అన్నయ్య గురి తప్పలేదు.

"తీసెయ్యమంటారా మామయ్యగారూ?" అని కోడలు అడిగింది.

తల అడ్డంగా ఊపాడు.

ఇప్పుడు సాయంత్రమైతే అదే వేళకు అదే వీడియో, సౌండుతో. అన్నయ్య అన్నం మానడం లేదు. కోడలు వీపు కింద దిండు పెట్టి, లేపి కూర్చోబెట్టి ముద్దలు పెడుతుంది. 'ఆ నోరొక్కటి పడిపోవాలి' అన్నచోట ఆయన నమలడం ఆపుతాడు, గడ్డం మీదికి కారుతుంది. కోడలు తుడిచి, కాస్త ఆగి తరవాతి ముద్ద అందిస్తుంది. ఆ వీడియో తుడిచెయ్యరా అని మేనల్లుడికి ఫోను చేశాను. "అమ్మ మాట్లాడింది నా దగ్గర అదొక్కటే ఉంది అత్తా" అన్నాడు. నేను లేచి లోపలికి పోబోతే అన్నయ్య రిమోటుతో మంచం పట్టీ మీద బాదుతాడు, నేను వచ్చి కూర్చునేదాకా.

"మీ కోసమే ఇటు వేశాను పిన్నిగారూ, ఇక్కడైతే బాగా వినిపిస్తుంది" అని కోడలు నా కుర్చీని టీవీ దగ్గరికి జరిపింది. నోరెత్తడానికి నాకేం మిగిలింది? సౌండు పెట్టింది నేనే.

వదిన ఒకటోసారి అంటుంది. రెండోసారి అని నవ్వుతుంది. అప్పుడు అన్నయ్య మెడ నరాలు ఉబ్బేలా నోరు తెరుస్తాడు. "మూ" అంటాడు. పెదవి వంకర పోతుంది, మళ్ళీ "మూ" అంటాడు. అక్కడితో ఆగిపోతుంది. పాట కొట్టెయ్యడానికి ఆ ఒక్క మాట పూర్తిగా రాక, సరుకూ కొసరూ ఇద్దరం ఇంకా ఈ ఇంట్లోనే ఉన్నాం.