మొదట గుర్తించిన తేదీ

రాజశ్రీ పాలు మూడోసారి పొంగించి దించేసరికి పొద్దున అయిదున్నర అయింది. ఒకసారి పొంగితే చాలని లోకమంతా అనుకుంటుంది. ఆమె అత్త కమలవ్వ కూడా అలాగే అనుకుంటుంది, అనుకున్నది పైకి అంటుంది కూడా. "గ్యాసు మీ అవ్వగారింటి నుంచి వస్తున్నదా? పాలను గంతగనం కాస్తవేంది? మీగడ మాడిపాయె" అని గుమ్మం దగ్గరే నిలబడి సాగదీసింది. "మంచిగ కాగకుంటే మంచిది కాదత్తమ్మా" అంది రాజశ్రీ. పది నెలలుగా ఆమె చెబుతున్న కారణం అంతే.

ఆ పాలు రోజూ సాయంత్రం దోమకొండ దగ్గరి అత్తగారి ఊరి నుంచి బస్సులో కామారెడ్డికి వస్తాయి. ఆ ఊళ్లో మరిది తిరుపతి ఎనిమిది బర్రెలను సాకుతాడు, ఊళ్లో పాలు కొలిచే కేంద్రం కూడా అతనే నడుపుతాడు. ఆ కొట్టంలో ఏ రోగం ఉందో తెలిసినవాళ్లు ముగ్గురు. తిరుపతి, భర్త ప్రేమ్‌కుమార్, తను. ముగ్గురిలో ఇద్దరు హాయిగా మరిచిపోయారు. మూడో మనిషి పాలు కాస్తోంది.

చపాతీలు చేసి, కూతురు ఆశ్రితకు జడలు వేసి, రెండు డబ్బాలు సర్ది, ఏడున్నర బస్సు అందుకోవాలి. రాజశ్రీ పశువుల డాక్టరు. ఎల్లారెడ్డి దాటాక ఒక ఊళ్లో ఆమె దవాఖాన. ప్రేమ్‌కుమార్ ఎరువుల దుకాణం పదింటికి తెరుచుకుంటుంది కాబట్టి ఆయన ఎనిమిదింటికి లేస్తాడు. పెళ్లిళ్లలో ఆమెను పరిచయం చేసేటప్పుడు ఆయనకు ఒక జోకు ఉంది. "మా ఆవిడ గూడ డాక్టరే. కాకపోతే ఈమె పేషెంట్లు ఫీజియ్యరు, తంతరు." పదకొండేళ్లుగా అందరూ నవ్వుతున్నారు, ఆమె కూడా. సాయంత్రం ఇంటికొస్తే పెరటి దారిలోనే రావాలి. చలికాలమైనా నల్లా దగ్గర తలమీంచి స్నానం చేశాకే పొయ్యి ముట్టుకోవాలి. "ఆ చేతులు యాడయాడ పెట్టొస్తదో" అని చుట్టాల ముందు కమలవ్వ ముక్కు చిట్లిస్తుంది. అవే చేతులు చేసిన చపాతీలు మాత్రం రెండు ఎక్కువే తింటుంది. దవాఖానలో ఇంకో రకం మర్యాద. వచ్చిన రైతు ఆమెను దాటి లోపలికి తొంగి చూసి "సారు లేడా?" అంటాడు.

పోయిన శ్రావణంలో అత్తగారి ఊరికి పోయినప్పుడు కొట్టంలో నెల తిరక్కుండా రెండు బర్రెలు ఈసుకుపోయాయని తెలిసింది. నెలలు నిండకుండానే చచ్చిన దూడలు పడ్డాయి. రాజశ్రీ వాటి రక్తం తీసుకుని దవాఖానకు తెచ్చి పరీక్ష చేసింది. రక్తం మీద తేలిన తేటను ఒక చుక్క తెల్ల పలక మీద వేసి, గులాబీ రంగు మందు ఒక చుక్క కలిపి పుల్లతో తిప్పాలి. రోగం లేకపోతే రంగు నున్నగా ఉంటుంది. ఉంటే విరిగిన పాలలాగా ముక్కలవుతుంది. ఒక బర్రెది ముక్కలైంది. అంటుకునే రోగం. మందలో ఒకదాని నుంచి ఇంకోదానికి, పచ్చిపాల నుంచి, పడిపోయిన దూడనూ దాని వెంట పడే మాయనూ ముట్టుకున్న చేతుల నుంచి మనుషులకు. 

ఆ వారమే ఆమె ఒక రైతు సభలో మైకు పట్టుకుని చెప్పింది. ఇలాంటి రోగం ఉందని తెలిసిన యజమాని దాచకూడదు, డాక్టరు రాయకుండా ఉండకూడదు, ఆ గొడ్డును విడిగా కట్టేయాలి, అంగడికి తోలకూడదు, ఇది చట్టం అని. చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికొచ్చి తమ బర్రె సంగతి ప్రేమ్‌కుమార్‌కు చెబితే ఆయన చప్పట్లు కొట్టలేదు. "మన కేంద్రంల నూరుమంది పాలు పోస్తరు. ఈ మాట బయటవడ్తె రేపటి సంది ఒక్కరన్న పోస్తరా? తిరుపతి నోట్ల మన్ను కొడ్తవా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ సంతకం పెట్టనీకి మన ఇల్లే దొరికిందా రాజీ" అన్నాడు. కోపంగా అన్న మాటకు ఆమె ఎదురు చెప్పేదేమో. బతిమాలినట్టు అనేసరికి చేతకాలేదు. మర్నాడు ఆ పలకను శుభ్రంగా కడిగి ఆరబెట్టింది. రిజిస్టరులో ఏమీ రాయలేదు. విడిగా కట్టేయండి, అమ్మకండి అని మాత్రం చెప్పింది, అదేదో పెద్ద షరతు పెట్టినట్టు. చలికాలంలో ఒకరోజు అన్నం తింటూ ప్రేమ్‌కుమార్ "ఆ బర్రె పీడ పోయింది. మళ్ల కడుపుతోటి ఉన్నది గద, అంగట్ల మంచిగనే పోయింది" అన్నాడు. ఆమె ఆయన పళ్లెంలో ఇంకో చపాతీ వేసింది. ఆ క్షణంలో ఆమె చేసింది అంతే.

ఈ రోజు ఇంటింటికీ తిరిగి పశువులకు గాలికుంటు టీకాలు వేయాలి. అటెండర్ బీరయ్య ఐసు డబ్బా పట్టుకుని ముందు నడుస్తుంటే ఆమె వెనక నడిచింది. పదకొండో ఇల్లు నారాయణ అనే రైతుది. వాకిట్లో కట్టేసిన బర్రె చెవికి సర్కారు వేసే పసుపు బిళ్ల ఉంది. ఆ బిళ్ల నంబరు ఫోన్లో కొడితే యజమాని పేరు వస్తుంది. అమ్మినప్పుడు పేరు మార్పించుకోవాలి, ఎవరూ మార్పించుకోరు. బీరయ్య నంబరు కొట్టి తల గోక్కున్నాడు.

"మేడం, గీడ ప్రేమ్‌కుమార్ అని వస్తున్నది. దోమకొండ దిక్కు ఊరు. మన సారు పేరే."

"ఆ పేరోళ్లు మస్తుమంది ఉంటరు బీరయ్యా" అంది రాజశ్రీ. ఇంటి పెద్దకొడుకని కొట్టంలో బర్రెలన్నీ భర్త పేరునే రాయించి, ఆ చెవికి ఆ బిళ్ల వేసింది తనే. బర్రె కుడి కొమ్ము వంకర కూడా ఆమెకు గుర్తే. 

బర్రెను పట్టుకుని నిలబడిన అమ్మాయి నారాయణ కోడలు రమ్య. ఇరవై ఏళ్లుంటాయి. నాలుగు నెలల కడుపు, చీర కొంగు దాచలేకపోతోంది.

"ఈ బర్రె ఈనిందా?"

"యాడ ఈనింది మేడం. ఏడో నెలల ఈసుకపాయె. సచ్చిన దూడ పడ్డది. రెండు నెలలయితున్నది. మాయ పడకుంటె మా అత్తమ్మనే చెయ్యి పెట్టి తీసింది."

"చేతులకేమన్న తొడుక్కున్నదా?"

రమ్యకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "ఏం తొడుక్కుంటది మేడం? గాజులే."

అత్త యాదవ్వ పంచలో నులక మంచం మీద పడుకుని ఉంది. పక్కన చాటలో తునికాకు, తంబాకు అలాగే ఉన్నాయి. రాజశ్రీని చూసి లేవబోయి నడుం పట్టుకుంది. "దినాం పొద్దుగూకంగ వస్తది బిడ్డా జరం. ఒల్లంత చెమటలు. తెల్లారితె ఏముండది. దవాఖానకు పోతె జరమే లేదంటరు. బీడీలు చేద్దామంటె వేళ్లు మడ్తవడ్తలేవు. ఎవ్వలు నమ్ముతలేరు."

"ఏం లేదు మేడం" అన్నాడు నారాయణ అరుగు మీద నుంచి నవ్వుతూ. "కోడలొచ్చింది గద. ఇగ పని తప్పిచ్చుకునే ఎత్తులు." బీరయ్య కూడా నవ్వాడు. 

సాయంత్రం వచ్చి తెల్లారితే పోయే ఆ జ్వరం గురించి రాజశ్రీ కాలేజీలో రెండు పేజీలు చదివింది. అందులో ఎవరూ నమ్మరు అనే లక్షణం రాసి లేదు. ఇప్పుడే ఈ మంచం పక్కనే చెప్పేయాలి అనుకుంది. నోరు తెరిచింది. "బర్రె రక్తం తీస్కపోయి పరీక్ష చేస్త" అని మాత్రమే అనగలిగింది. తర్వాత రమ్యతో, "నువ్వు ఈ బర్రె దగ్గరికి రాకు. పెండ తియ్యకు, కడగకు" అంది.

"మరి ఎవరు చేస్తరు మేడం?"

రమ్య వెటకారంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. రాజశ్రీ నారాయణ వైపు చూసింది. ఆయన మబ్బు పడుతుందా లేదా అని ఆకాశం చూస్తున్నాడు.

దవాఖానకొచ్చి తేట తేలేదాకా ఆగి పలక తీసింది. నాలుగు నిమిషాలు చూడాలి. రెండు కూడా అక్కర్లేకపోయింది. గులాబీ రంగు ముక్కలు ముక్కలైంది. బీరయ్యను బయట కూర్చోమని చెప్పి ప్రేమ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, వివరంగా మాట్లాడాడు.

"చెవి బిళ్ల కత్తిరించెయ్. పాతది పడిపోయిందని రాసి కొత్తది వెయ్యి. దాని మీద ఆ నారాయణ పేరు ఎక్కించు. రోగం వాళ్లింట్ల పుట్టినట్టయితది. నీ డ్యూటీ నువ్వు చేసినట్టయితది, మన ఇల్లు గూడ నిలవడ్తది."

పదకొండేళ్లలో ఆయన ఆమె ఉద్యోగం గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడటం ఇదే మొదలు. బిళ్లల సంగతి ఆయనకు ఇంత తెలుసని కూడా ఆమెకు తెలియదు.

"ఆ పిల్ల కడుపుతోటి ఉన్నదండీ."

"మందులిప్పిద్దాం, ఎవలొద్దన్నరు? మన పేరెందుకు నడుమల? ఇంకోటి. పోయినేడు నువ్వు రాయలే గద. ఇప్పుడు రాస్తె ముందుగాల నీ నౌకరికే వస్తది. ఆలోచన చెయ్యి."

అది బెదిరింపే, నిజం కూడా. ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కోపం వస్తే తేలికగా ఉంటుంది. రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని పలక కడిగించలేదు. ఇంటెడు అంట్లు కడిగిన అలవాటులో మరకను కూడా కడిగేసింది తనే. ఎవరైనా అడిగితే భర్త వద్దన్నాడు అని చెప్పుకోవచ్చు. ఆడవాళ్లకు ఆ సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఊరు కూడా జాలిపడి నమ్ముతుంది. కానీ సంతకం చేసే అధికారం ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది. జీవితంలో దొరికిన ఆ ఒక్క అధికారాన్నీ భర్త పళ్లెంలో వడ్డించేసింది. 

రోగం కబురు పంపే ఫారం తీసి రాయడం మొదలుపెట్టింది. పశువు రకం, బిళ్ల నంబరు. పాత నంబరే రాసింది. ఇప్పటి యజమాని, నారాయణ. అంతకు ముందు యజమాని దగ్గర కలం ఆగింది, కదిలింది. ప్రేమ్‌కుమార్, ఊరు, మండలం. రోగం మొదట గుర్తించిన తేదీ. ఈ రోజు తేదీ వేస్తే ఎవరూ తప్పుపట్టరు. పోయిన శ్రావణంలో ఆ రోజు శుక్రవారం అని ఆమెకు గుర్తుంది, క్యాలెండరు తిప్పి ఆ తేదీ వేసింది. పరీక్ష చేసినవారు, రాజశ్రీ. ఆ రోజే ఎందుకు తెలపలేదు అనే గడి ఫారంలో లేదు. విడిగా ఒక కాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసి జతపరిచింది.

రాస్తుంటే ఒకటి కనిపించింది. చట్టంలో యజమాని ఉన్నాడు, డాక్టరు ఉంది, గొడ్డు ఉంది. యజమాని గడిలో ఎప్పుడూ మగవాడి పేరే. ఆ మగవాడు ఆ గొడ్డు మాయను ఏనాడూ ముట్టుకోడు. పెండ ఎత్తిన చేతికి, చచ్చిన దూడను గుంజిన చేతికి ఈ కాగితంలో ఒక్క గీత కూడా లేదు. అడుగున ఇతర వివరాలు అని రెండంగుళాల ఖాళీ ఉంది. అందులో రోగమున్న పశువును చేతులతో ముట్టుకున్నవారు అని రాసి, కింద యాదవ్వ, రమ్య అని పేర్లు రాసింది. ఆ ఇంటి సంగతి రాశాక ఈ ఇంటి సంగతీ రాయాలి కదా. మూడో పేరు రాసింది. మనోజ్ఞ.

మనోజ్ఞ తిరుపతి భార్య, రాజశ్రీకి తోడికోడలు. ఎనిమిది బర్రెల పెండ, కుడితి, అన్నీ ఆ పిల్లే. ఆ శ్రావణంలో పడిన రెండు దూడలనూ గడ్డపలుగుతో గుంత తీసి పూడ్చింది ఆమే. తర్వాతి నెలలో ఐదో నెల కడుపు పోయింది. స్కూటీ ఎక్కినందుకని తిరుపతి అన్నాడు. "కడుపు నిలుపుకునే శాతగాదు" అని కమలవ్వ అంది. చూడ్డానికి పోయినప్పుడు మనోజ్ఞ ఆమె చెయ్యి పట్టుకుని "అక్కా, నువ్వు డాక్టరువు గద. నాతోని ఏం తప్పయింది?" అని అడిగింది. అప్పుడు రాజశ్రీ అన్న మాట ఇన్నాళ్లూ ఆమెకే వినబడుతోంది. "నేను పశువుల డాక్టర్ను మనోజ్ఞా, నాకేం తెలుసు" అంది. అందరూ నవ్వే ఆ జోకు వెనకే దాక్కుంది.

బీరయ్యను లోపలికి పిలిచింది. "నారాయణ ఇంటికి పోయి చెప్పు. యాదవ్వను, రమ్యను రేపు పొద్దున పెద్ద దవాఖానకు నేనే తీస్కపోత. రోగం బర్రె నుంచి వచ్చింది, ఆ బర్రె మా ఇంటిది, నాకు తెలిసే ఉండె అని గూడ చెప్పు. వద్దు, ఆ మాట రేపు నేనే చెప్త." బీరయ్య బండి తీశాడు.

ఫారం ఫొటో తీసి జిల్లా ఆఫీసుకు పంపింది. పంపాక ఫోన్ కింద పెట్టకుండా మనోజ్ఞకు కలిపింది. అటు బకెట్ చప్పుడు వినిపించింది.

"మనోజ్ఞా, ఆ పని ఆపు. కొట్టంలకెళ్లి బయటికి రా. నడుంనొప్పి అంటివి గద, నీకు రేపు రక్తపరీక్ష చేయిస్త." ఒక్కో మాటా పేర్చి చెప్పింది. బర్రెలకున్న రోగం పేరు, అది చేతుల నుంచి ఎలా ఎక్కుతుందో, దాని వల్ల ఆడవాళ్లకు కడుపు కూడా పోవచ్చని. మనోజ్ఞది అందుకే పోయిందని తను ఖాయంగా చెప్పలేనని, కానీ స్కూటీ వల్ల కాదని, ఆమె తప్పు ఎంతమాత్రం కాదని.

బకెట్ చప్పుడు ఆగిపోయింది. మనోజ్ఞ అడిగింది. "గిదంత నీకెప్పుడు తెలిసిందక్కా? నేను అడిగిన్నాడు తెలుసా?"

"తెలుసు" అంది రాజశ్రీ. "తెలిసే ఊకున్న."