ఆడపడుచు ఆరాలు

లాండ్రీలో పనిచేసే మనిషికి అనుమానం ఉద్యోగంతోపాటే వస్తుంది. జేబులు తడమకుండా ఏ చొక్కానీ నీళ్ళలో వేయకూడదు. ఇస్త్రీ ఆవిడకు మనుషుల్ని చూడటం కూడా అలాగే అలవాటైపోయింది. అందుకే సముద్రం అవతలి దేశం నుంచి అక్క వస్తోందని, పదిహేను రోజులు ఉంటుందని భర్త సంబరంగా చెప్పగానే, "ఎందుకట?" అంది.

తమ్ముణ్ణి చూడాలని ఉండదా అన్నాడు భర్త. అతను ట్రాము నడుపుతాడు. పొద్దస్తమానం పట్టాల మీద తిరిగి, లోకంలో అందరూ తిన్నగానే పోతారని నమ్మేశాడు.

నిజానికి ఆడపడుచుది రాజభోగం. అక్కడ ఆవిడకు రెండంతస్తుల ఇల్లు, వంటమనిషి, తోటమాలి, డ్రైవరుతో సహా కారు. ఏడాది పొడుగునా ఎండ. ఇక్కడ వీళ్ళకు రెండు గదులు, సగం ఏడాది ముసురు, ఎవరి అంట్లు వాళ్ళే తోముకోవాలి. అంతటి మనిషి వచ్చి సోఫాలో నడుం వాల్చి, "ఇక్కడ హాయిగా ఉందమ్మాయ్" అంటే ఎవరు నమ్ముతారు? వెక్కిరింపే అనుకుంది ఇస్త్రీ ఆవిడ.

పైగా ఆ ఆరాలేమిటి! చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూరగాయల ధర అడుగుతారు, చలి ఎంత అని అడుగుతారు. ఈవిడ అలా కాదు. చీకటిపడ్డాక ఆడవాళ్ళు ఒంటరిగా ట్రాము ఎక్కుతారా? పోలీసులకు ఫోన్ చేస్తే ఆడమనిషి మాట మీద వస్తారా, ఇంట్లో మగవాళ్ళని పిలవమంటారా? పై వాటాలో దర్జీ ఆవిడ ఒక్కతే ఉంటోంది కదా, ఆ ఇల్లు ఎవరి పేరున ఇచ్చారు? అన్నం తింటూ అడిగేది, బట్టలు మడతపెడుతూ అడిగేది.

ఒకరోజు ఇస్త్రీకి బట్టలు తీద్దామని ఆడపడుచు పెట్టె తెరిచిందావిడ. పలచటి బట్టల అడుగున మందపాటి ఉన్ని కోటు, చలికాలం బూట్లు. బయట మండు వేసవి. పదిహేను రోజుల మకాముకి ఉన్ని కోటెందుకు? ఉండిపోవడానికే వచ్చింది!

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? సగం మొగుడు సోఫాలో తిష్ఠ వేస్తే, ఉన్న సగం మీదైనా తనకు చెల్లుబాటుంటుందా? అత్తింట్లో పదిమంది మధ్య, తన దువ్వెన కూడా తనది కాకుండా కాపురం చేసి వచ్చింది ఆవిడ. ఈ రెండు గదులే ఆవిడ రాజ్యం. ప్రాణం పోయినా మరొకరికి పంచేది లేదు.

ఆవిడ పుట్టింట ఒక పద్ధతుండేది. చుట్టాలు ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామని చచ్చినా చెప్పకూడదు. చెబితే పెట్టె సర్దుకుని దిగిపోతారని వాళ్ళమ్మ భయం. ఆ విద్య ఇప్పుడు అక్కరకొచ్చింది. దూరపు కొండలు నునుపు వదినా, అంటూ మొదలుపెట్టింది. ట్రాముల నిండా తాగుబోతులేనంది. పోలీసులు పిలిచిన మర్నాటికి గానీ రారంది. ఒంటరి ఆడదానికి ఈ ఊళ్ళో గది ఇచ్చే నాథుడే లేడంది. మరి దర్జీ ఆవిడో అంటే, వాళ్ళన్నయ్య పేరున తీసుకుందని అల్లేసింది. ఆవిడకు అసలు అన్నయ్యే లేడు.

ఆడపడుచు అన్నీ విని, మళ్ళీ ఏమీ అడగలేదు. రెండు రోజుల తర్వాత, ముందుగానే తిరిగి వెళ్ళిపోతానంది. తమ్ముడు ముఖం వేలాడేసుకుని పనికి పోయాడు. మరదలు మాత్రం ఆ పూట కొసరి కొసరి వడ్డించింది. మనసులో ఒక మూల కాస్త సిగ్గేసింది గానీ, పెట్టె గుమ్మం దగ్గరికి చేరగానే ఆ సిగ్గూ పోయింది.

సరిగ్గా అప్పుడే దర్జీ ఆవిడ మెట్లు దిగి వచ్చింది. పెట్టె చూసి ఆశ్చర్యపోయింది.

"అదేంటండీ, వెళ్ళిపోతున్నారా? నా పక్క గది ఖాళీగా ఉందని మొన్న చెప్పానుగా. ఒంటరివాళ్ళకి ఇవ్వరని మీకెవరు చెప్పారో గానీ, ఇంటి యజమానితో మాట్లాడి వచ్చాను. ఎప్పుడైనా దిగొచ్చన్నాడు."

ఎవరూ ఏమీ అనకముందే ఇస్త్రీ ఆవిడ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. మరో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆడపడుచు ఆవిడ వైపు తిరిగింది. కోపం లేదు, ముఖంలో రక్తం మాత్రం లేదు.

"నువ్వు చెప్పింది నిజమా, ఈవిడ చెప్పేది నిజమా? ఒక్కమాట చెప్పు అమ్మాయ్. అక్కడ మా ఇంట్లో పద్నాలుగు తలుపులున్నాయి. దేనికీ లోపల గడియ లేదు. ఆయన అన్నీ పీకించేశాడు. స్నానాల గదికి కూడా."

ఇస్త్రీ ఆవిడకు అంత ఇల్లూ, తోటా, కారూ ఒక్కసారిగా మాయమై, తలుపు కదులుతుందేమోనని చూస్తూ తడి ఒంటితో నిలబడ్డ మనిషి ఒక్కతే కళ్ళకు కట్టింది.

"అబద్ధం చెప్పాను వదినా. మీరు మా ఇంట్లోనే ఉండిపోతారేమోనని."

"మీ ఇంట్లోనా?" ఆడపడుచు నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఒకరి ఇంట్లో ఉండటమంటేనే నాకు భయం. ఇంకో గంట ఆగితే బండెక్కేసేదాన్ని కదే."

పెట్టె అక్కడే వదిలేసి దర్జీ ఆవిడ వెంట మెట్లెక్కింది. ఇస్త్రీ ఆవిడ కింద నిలబడే ఉంది. వెళ్ళే మొహం లేదు. కాసేపటికి పైన తలుపు మూసుకుంది, గడియ పడింది. గడియ తీశారు. మళ్ళీ వేశారు. మళ్ళీ తీశారు. ఆ తర్వాత పడిన గడియ ఎంతసేపటికీ తీయలేదు.