ఒక తీగ, రెండు రేడియోలు

ఆ ఉదయం మా ఇంట్లో గొడవ ఇంగువ డబ్బా గురించి.

పప్పుకి పోపు పెడుతూ చెయ్యి చాచేసరికి అలమరలో డబ్బా లేదు. ఇంగువ ముక్క కాగితంలో చుట్టి ఉప్పు జాడీ మీద పెట్టి ఉంది. నేను వెతికేలోపు నూనెలో ఆవాలు మాడిపోయాయి.

"ఏటండీ ఇది? నా ఇంగువ డబ్బా ఏదీ?"

"ఉన్నాదిలేవే. ఎక్కడికీ పోలేదు," అన్నారు మా ఆయన శాంతికుమార్ ముందు గదిలోంచి.

వెళ్ళి చూస్తే నా చిన్న స్టీలు డబ్బాకి మూడు బెజ్జాలు పడి ఉన్నాయి. లోపల రూపాయి బిళ్ళంత నల్లటి వలయం, దాని చుట్టూ సన్నటి రాగితీగ చుట్లు.

"ఇంట్లో ఇన్ని డబ్బాలుంటే నాదే దొరికిందేటి?"

"మూత బిగువుగా పట్టేది అదొక్కటేనే. రేకుదైతేనే పని చేస్తాది."

"మరి పప్పులో ఇంగువ వాసన రాకపోతే ఏ దేశం స్టేషన్‌కి ఉత్తరం రాస్తారు?"

వెనక గదిలోంచి మావగారు నవ్వారు. "బెజ్జాలు పడిపోయాక ఇంకా డబ్బా గొడవేలమ్మా?" అన్నారు. ఆయన కొడుకు పక్షం వహించడానికి కారణం ఉంది. ఆ డబ్బా ఆయన కోసం కూడా.

మా ఇంట్లో షార్ట్‌వేవ్ వినేవాళ్ళు ఇద్దరు. మావగారు సీమోను మాస్టారు, మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యారు. రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఎక్కడో సముద్రాల అవతలి స్టేషన్‌నుంచి పావుగంట తెలుగు సందేశం వస్తుంది. అత్తయ్యగారూ ఆయనా ముప్ఫై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని విన్నారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆయన ఒక్క రోజు కూడా మానలేదు. వినికిడి తగ్గాక చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంటున్నారు.

మా ఆయనది వేరే పిచ్చి. నరసన్నపేటలో ఆఫీసు పని అయ్యాక, దొరకని స్టేషన్లు వెతికి పట్టుకోవడం, విన్నామని వాళ్ళకి ఉత్తరం రాయడం, వాళ్ళు పంపే బొమ్మ కార్డులు దాచుకోవడం.

ఇద్దరికీ ఉన్నది ఒకటే ఏరియల్. మా డాబా మీద వెదురు గడనుంచి పక్కింటి బుల్లమ్మ తాటిచెట్టుదాకా లాగిన పొడుగాటి రాగితీగ. మొన్నటిదాకా దానికి ఒకసారికి ఒక్క రేడియోనే తగిలించేవారు. తీగ చివర కిటికీ పైన ఉన్న బెజ్జంలోంచి లోపలికి వచ్చేది. వినడం అయినవాళ్ళు దాన్ని విప్పి బయటికి తోసేసేవారు. అది అత్తయ్యగారు పెట్టిన పద్ధతి. పడుకోబోయే ముందు "తలుపేశారా?" అని అడిగినట్టే "తీగ బయటేశారా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళం.

గొడవ మా ఆయన కొన్న కొత్త రేడియోతో వచ్చింది. తండ్రి పొద్దునా రాత్రీ వార్తలు వినే వేళకే కొడుకూ వినాలి. రెండు రేడియోలకీ తీగని కలిపి మెలిపెడితే, మావగారి పాత రేడియో ఈల కొత్తదాంట్లో వినపడేది. ఇద్దరికీ స్టేషన్లు బలహీనంగా వచ్చేవి. అందుకే ఈ డబ్బా. పై తీగ ఒక బెజ్జంలోకి వస్తుంది. రెండో బెజ్జంలోంచి ముందు గది రేడియోకి, మూడో బెజ్జంలోంచి గోడ వెంట, తలుపు మీదుగా మావగారి గదికి తీగలు పోతాయి. ఆఫీసుకి వెళ్ళేలోపు మా ఆయన అంతా బిగించేశారు. ఇద్దరూ చెరో గదిలో విన్నారు. ఈల లేదు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. నేనూ ఇంగువ సంగతి వదిలేశాను.

మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఒక్కసారిగా పసుపు రంగులోకి తిరిగింది. మా మండలంలో పిడుగులు పడే అవకాశం ఉందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వేసవిలో అలాంటివి వారానికి నాలుగు వస్తాయి. డాబా మీద ఆరబెట్టిన వడియాలు ఎత్తుతుంటే మా ఆయన ఫోన్ చేశారు.

"కృపా, అక్కడ మబ్బేసినాదా?"

"ఏసినాది. శ్రీముఖలింగం వైపు నల్లగా ఉన్నాది."

"నా సెట్టు పిన్ను పీకీసి ఉంచు. కొత్తది. మర్చిపోకు."

"అలాగే."

కిందికి వచ్చి, డబ్బానుంచి ముందు గది రేడియోకి వచ్చే తీగ పిన్ను పీకి, చుట్టి పక్కన పెట్టాను. ఆ గది కిటికీలు మూశాను. గాలి మొదలైంది. మావగారి గది తలుపు దబదబా కొట్టుకుంటే ఆయన లోపలినుంచి గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించింది. గాలి వచ్చినప్పుడల్లా ఆయన అలాగే పెట్టుకుంటారు. గడియారం చూశాను. నాలుగూ ముప్ఫై రెండు. చెయ్యాల్సింది చేసేశాననే అనుకున్నాను.

వంటింట్లో వడియాలు డబ్బాలోకి పోస్తుంటే 'టిక్' అని వినిపించింది. బల్లి అనుకున్నాను. మళ్ళీ టిక్. కాస్సేపాగి టిక్, టిక్.

ముందు గదిలోంచి.

వెళ్ళి చూశాను. చప్పుడు ఆ స్టీలు డబ్బాలోంచి వస్తోంది. పై తీగ డబ్బాలోకి దిగే బెజ్జం దగ్గర ఆవగింజంత నీలం నిప్పు. టిక్కుమన్నప్పుడల్లా కనిపించి ఆరిపోతోంది. నేను శ్రీకాకుళంలో బీయస్సీ చదివి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా అదేమిటో అర్థం చేసుకోవడానికి పుస్తకం తియ్యక్కర్లేకపోయింది. ఇంకా పిడుగు పడలేదు. మబ్బు మాత్రం తీగ పట్టుకుని మా ఇంట్లోకి దిగుతోంది.

నా కళ్ళు డబ్బానుంచి రెండో తీగ వెంట వెళ్ళాయి. గోడ వెంట పైకి, తలుపు మీదుగా, మావగారి గదిలోకి. ఆ తీగ చివర రేడియో. రేడియోకి హెడ్‌ఫోన్. హెడ్‌ఫోన్ ఆయన చెవులకి.

నేను యంత్రాన్ని విప్పాను. మనిషిని అలాగే ఉంచేశాను.

పై తీగ లాగేద్దామని చెయ్యి చాచాను. జానెడు దూరంలో ఉండగానే ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నిప్పు టిక్కుమంది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఇంకోసారి చాచాను. మళ్ళీ వెనక్కే వచ్చింది.

తలుపు దగ్గరికి పరుగెత్తి రెండు చేతులతో బాదాను. "మావగారూ! మావగారూ!" ఆ చెవులకి, ఆ హెడ్‌ఫోన్ మీద, ఆ గాలిలో నా గొంతేం వినిపిస్తుంది? మెరుపు మెరిసింది. లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఉరిమింది. తర్వాతది అయిదు దగ్గర.

మూలనున్న బూజు కర్ర అందుకుని పెరట్లోకి పరుగెత్తాను. దుమ్ము కళ్ళల్లో కొట్టింది. గోడ అవతల బుల్లమ్మ ఆరేసిన బట్టలు లాక్కుంటూ కేకేసింది. "ఒలే కృపమ్మా, బయటికేల వచ్చీసినావు? లోనకి పో!"

"మావగారు రేడియో ఎట్టుకున్నారు!"

"ఏటీ? ఇప్పుడు రేడియో ఏటే నీకు!"

జవాబు చెప్పే తీరిక లేదు. మావగారి గది కిటికీ తలుపులు తీసే ఉన్నాయి. ఆయన మంచం మీద కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. హెడ్‌ఫోన్‌ని అరచేత్తో చెవికి అదుముకుంటున్నారు. రేడియోలో చిటపటలు ఎక్కువయ్యేకొద్దీ, స్టేషన్ బలహీనపడిందనుకుని ఇంకా గట్టిగా అదుముకుంటున్నారు.

పెళ్ళయినప్పటినుంచి ఆయన ముందు నేను గొంతు పెంచి మాట్లాడింది లేదు. ఊచల మధ్యనుంచి కర్ర దూర్చి ఆయన భుజం మీద కొట్టాను. ఈగని తోలినట్టు చెయ్యి విసిరారు. మళ్ళీ కొట్టాను. తల తిప్పలేదు. మూడోసారి కర్ర చివర హెడ్‌ఫోన్ పట్టీ కింద పెట్టి బలంగా లాగాను. అది జారి మెడ మీద పడింది. నెత్తి నిండా బూజు.

"ఏటమ్మా ఇది! మతి పోనాదేటి నీకు?"

"తీసీయండి! పిడుగొస్తాది! తీసి అవతల పారీయండి, లెగండి!"

మాటలు వినపడ్డాయో లేదో, నా ముఖం చూశారు. హెడ్‌ఫోన్ మెడలోంచి తీసి మంచం మీద పెట్టారు. లేచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కిటికీ వైపు రెండడుగులు వేశారు. "ఏటంటన్నావు?"

ఈసారి లెక్కపెట్టడానికి వ్యవధి లేదు. వెలుగూ చప్పుడూ ఒకటే అయిపోయాయి. కాళ్ళ కింద నేల అదిరింది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే, మంచం మీద పడి ఉన్న హెడ్‌ఫోన్‌లోంచి ఠప్‌మని ఇంకో చప్పుడు వచ్చింది. కిటికీ బయట ఉన్న నాకు వినిపించింది. రేడియో ఎర్ర దీపం ఆరిపోయింది.

పిడుగు పడింది కాలవ అవతలి తోటలోనట. మా తాటిచెట్టు మీద కాదు. మా తీగ మీద కూడా కాదు. తీగ మీద పడకుండానే ఇంత.

ఆయన గడియ తీసి బయటికి వచ్చారు. వాన మొదలైంది. ఇద్దరం వంటింటి గడప దగ్గర కూర్చున్నాం. ఆయన తువ్వాలుతో నెత్తి మీద బూజు తుడుచుకుంటున్నారు.

"రేడియోలో ప్రార్థన ఇంకా అవలేదమ్మా," అన్నారు.

చీకటి పడే వేళకి మా ఆయన తడిసి వచ్చారు. చెప్పులు విప్పి నేరుగా కొత్త రేడియో దగ్గరికి వెళ్ళారు. మీట నొక్కారు. అది పాడింది. "చూశావా! పిన్ను పీకమన్నాను కాబట్టి బతికినాది," అన్నారు. తర్వాత తండ్రి రేడియో విప్పి వాసన చూసి ముఖం ముడిచారు.

"నీ పిన్ను నువ్వు పీకుకోవాలి కద నాన్నా!"

"మబ్బేస్తే ఎవరో ఒకళ్ళు వచ్చి తీగ బయటేస్తారనుకున్నాన్రా. ఎప్పుడూ అంతే కదా?"

"కృప పీకినాది కదా!"

"పీకినాది. నీది."

ఇద్దరూ తప్పు మాట్లాడలేదు. పిడుగు కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇన్నాళ్ళూ ఒక్కరు ఒక్క పని చేస్తే ఇల్లంతా క్షేమం. ఇప్పుడు ఎవరి పిన్ను వాళ్ళు పీకుకుని, పని అయిపోయిందనుకుంటారు. పై తీగ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను కదా.

రాత్రి భోజనాలకి కూర్చున్నాక మావగారు ప్రార్థన చేశారు. మామూలు కన్నా కాస్త పొడుగ్గా చేశారు. నెత్తళ్ళ పులుసు వడ్డించాను.

"మావని బూజు కర్రతో కొట్టిన కోడలు ఈ జిల్లాలో నువ్వొక్కత్తివే," అన్నారు మా ఆయన.

"రెండు దెబ్బలు. లెక్కెట్టుకున్నాను," అన్నారు మావగారు. తండ్రీ కొడుకూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

"ఆదివారంలోగా నాన్న సెట్టు బాగు చేయించీసి మళ్ళీ కలిపీస్తాను," అన్నారు మా ఆయన, ముల్లు తీస్తూ. "రెండు పిన్నులూ పీకాలని గుర్తెట్టుకుంటే సరిపోతాది. దీనికింత భయమేటి?"

నేను గరిటె గిన్నెలో పెట్టేశాను.

"నేను ముందు మీ రేడియో పిన్ను పీకాను. మావగారు నాకు గుర్తే రాలేదు," అన్నాను. "ఆ డబ్బా టిక్కుమనకపోతే వడియాలు సర్దుకుంటూనే ఉందును."

ఇద్దరూ తినడం ఆపారు. మా ఆయన తండ్రి వైపు చూశారు.

"ఎవరో ఒకళ్ళు తీగ బయటేస్తారని ఇంక నమ్ముకోలేను. రేపు పొద్దున్నే బుల్లమ్మకి చెప్పి తాటిచెట్టుమీంచి తీగ విప్పించీస్తాను. ఉరుములు పోయేదాకా, డిసెంబరుదాకా మళ్ళీ కట్టడం లేదు," అన్నాను నేను.

"అంటే నాలుగున్నరకీ..." అన్నారు మావగారు. కంచంలో ముద్ద చేతిలోనే ఉంది.

ఆయన ముఖం చూడకుండా చెప్పలేననిపించింది. చూసే చెప్పాను.

"నాలుగున్నరకీ ఉండదు మావగారూ. మీకూ ఉండదు, ఈయనకీ ఉండదు."