ఆటలో చెట్టెక్కిన మనిషి

కంప్యూటర్ ఆట విడుదల మూడోసారి వాయిదా పడిందని మధుకర్ ఫోన్ చేసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. మా జగిత్యాల, కోరుట్ల వైపు గల్ఫ్ ఏజెంట్లు వీసా గురించి చెప్పే మాటకీ, ఆ ఆట చేసే కంపెనీ వాళ్ళు విడుదల గురించి చెప్పే మాటకీ ఏమీ తేడా లేదు. వచ్చే నెల అంటారు. వచ్చే నెల వచ్చాక మళ్ళీ వచ్చే నెల అంటారు. ఏజెంటునైతే కనీసం ఇంటికి వెళ్ళి నాలుగు మాటలు అనవచ్చు. ఈ కంపెనీ ఎక్కడో సముద్రాల అవతల ఉంది.

మేం ముగ్గురం. మధుకర్‌కు కోరుట్ల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. కోడ్ రాసేది అతనే. రచన సిరిసిల్లలో ఉంటుంది. ఇంట్లో మరమగ్గాలు ఆడుతుంటే ఆ చప్పుడులోనే కూర్చుని ఆటలోని చెట్లకూ ఇళ్ళకూ బట్టలకూ రంగూ రూపూ ఇస్తుంది. మనుషుల నడక, కదలిక నా పని. నా పేరు నవనీత. డిగ్రీ అయ్యాక జగిత్యాలలో అమ్మతో ఉంటున్నాను. ఒక విదేశీ కంపెనీ పల్లె బతుకు మీద చేసిన కంప్యూటర్ ఆటలోకి మేం మా సొంత సరుకు చేర్చాం. దాన్నే మాడ్ అంటారు. వాళ్ళ ఆటలో ద్రాక్షతోటలుంటాయి. మా మాడ్ వేసుకుంటే అక్కడ ఈతవనం కనిపిస్తుంది, గీత కార్మికుడు చెట్టెక్కి కల్లు నిండిన లొట్టి దింపుకొస్తాడు. ఎక్కడెక్కడి వాళ్ళో దాన్ని ఆడి బాగుందన్నారు.

ఆ చెట్టెక్కే మనిషి మా బాపు, హన్మండ్లు. సారంగాపూర్ దగ్గరి మా ఊరి వనంలో ఆయన ఎక్కుతుంటే ఒక పక్కన నిలబడి ఫోన్లో తీశాను. ఆ కదలికలనే ఆటలో పెట్టాను. ఎక్కేముందు బాపు చెట్టును తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటాడు. ఆటలోని మనిషీ అదే చేస్తాడు. అది చూసి బాపు మురిసిపోయి, వనంలో అందరికీ నా ఫోన్ చూపించాడు.

ఆ తర్వాతి వానాకాలంలో మా బాబాయి జలపతి చెట్టు మీంచి పడి చనిపోయాడు. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే మోకు తెగింది. కర్మకాండ అయిన రోజే అమ్మ బాపు చేతిని నా నెత్తి మీద పెట్టించి, ఇక చెట్టెక్కనని ఒట్టు వేయించింది. చెట్టు తప్ప వేరే పని తెలియని మనిషి ఊళ్ళో ఏం చేస్తాడు? కొన్నాళ్ళు కూలికి వెళ్ళాడు, తర్వాత మస్కట్ వెళ్ళాడు. పెద్ద మాల్‌లో నేల తుడిచే పని, లోపలంతా ఏసీ అని ఏజెంట్ చెప్పాడు. "మా ఆయనది ఏసీల పని" అని అమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. ఆ ఏసీ మాట మీదే ఆమెకు రాత్రి నిద్ర పట్టేది.

బాబాయి పోకముందే ఆ ఆటకు రెండో భాగం వస్తోందన్నారు. దాని ఇంజిన్ కూడా కొత్తదన్నారు. ఆటను లోపల్నుంచి నడిపించేది ఇంజిన్. అది మారితే మా మాడ్ పాత తాళంచెవి కిందే లెక్క. మొదట చెప్పిన తేదీకి వచ్చి ఉంటే బాపు ఇంకా చెట్టెక్కుతూనే ఉండేవాడు, నాలుగు రోజుల్లో పని తేలిపోయేది. వాయిదా మీద వాయిదా పడింది, బాపు విమానం ఎక్కాడు. మధుకర్ కూడా వాళ్ళ మామ ఇప్పించిన దుబాయ్ వీసా ఒకటి ఈ విడుదల కోసమే ఆపుకుని కూర్చున్నాడు.

మూడో వాయిదా తర్వాత ఏమైందో, కంపెనీ ఉన్నట్టుండి మేల్కొంది. పరీక్ష కోసం కొత్త ఆటను మాలాంటి మాడ్ జట్లకు పంపింది. విడుదల నాటికి సిద్ధంగా ఉన్న మాడ్‌లను తొలి పేజీలో చూపిస్తామంది, వాటికి డబ్బూ ఇస్తామంది. మధుకర్ దుకాణంలో మా వనాన్ని అందులోకి ఎక్కించి చూశాం. తెర మీద బాపు చేతులు వీపు వెనక్కి మెలి తిరిగాయి. నడుము విరిగినట్టు వంగి, కాళ్ళు గాల్లో కొట్టుకున్నాయి. రచన ముందు పకపకా నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. నాకు ఏడుపొచ్చింది. బాబాయిని మోసుకొచ్చిన రోజు గుర్తొచ్చింది.

"పాతది పనికి రాదు," అన్నాడు మధుకర్. "కొత్త ఇంజిన్‌కు నాలుగు దిక్కులకెల్లి తీసిన వీడియో గావాలె. నెట్టుల రెడీమేడ్ ఒకటున్నది నవనీతా. ఎవడో తెల్లోడు తాడు పట్టుకొని ఎక్కుతడు. గదే పెడదాం. ఎవలకు ఎరుక?"

"నాకు ఎరుక," అన్నాను.

"ఇదిగూడ పోతే నేను దుకాణం బంద్ చేసి దుబాయ్ పోతున్న. తర్వాత నన్ను అనద్దు."

ఊళ్ళో లింగన్న పెద్దనాన్నను ఒక్కసారి ఎక్కమని అడిగాను. మోకాళ్ళు పోయాయన్నాడు. కుర్రాళ్ళెవరూ చెట్టు మొహం చూడడం లేదు. చివరికి బాపుకే ఫోన్ చేశాను.

"బాపూ, గాడ ఖర్జూరం చెట్లుంటయంట గద. మన ఈత చెట్టసొంటియే. మీ క్యాంపుల మన గౌడోళ్ళు ఎవలన్న ఉంటె ఒక్కసారి ఎక్కిచ్చి, నాలుగు దిక్కుల వీడియో తీసి పంపుతవా?"

అటువైపు ఎవరో దగ్గుతున్నారు.

"సూత్త బిడ్డా," అని ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం వాళ్ళకు సెలవు. మధ్యాహ్నం నేనూ అమ్మా అన్నం తింటుండగా నాలుగు వీడియోలు వచ్చాయి. ఎడమ చేత్తోనే మొదటిది తెరిచాను. ఇసుక నేల, కనుచూపు మేర ఖర్జూరం చెట్లు. హెల్మెట్ పెట్టుకున్న ఒక మనిషి నడుముకు వెడల్పాటి బెల్టు, దానికి చెట్టు చుట్టూ తిప్పిన ఇనుప తాడు. మొహం కనిపించడం లేదు. ఫోన్లు పట్టుకున్న వాళ్ళు ఒకరి మీద ఒకరు కేకలు వేసుకుంటున్నారు, పక్కకు జరుగు, ఎండ పడుతోంది అని. ఆ మనిషి చెట్టును తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"హన్మండ్లన్నా, వీడియో అని షోకులు పడకు," అని వీడియోలో ఎవరో నవ్వారు. "రోజు ఎక్కినట్లనే ఎక్కు."

అమ్మ తల ఎత్తింది. ఆ మాట ఆమెకూ వినపడింది. ఫోన్ లాక్కుని, బాపు చెట్టు మొదలు నుంచి మట్ట దాకా ఎక్కడం రెప్ప వేయకుండా చూసింది. వీడియోల కింద బాపు గొంతుతో ఒక సందేశం ఉంది. దాన్నీ అమ్మే నొక్కింది.

"బిడ్డా, మాల్ పని ఉత్తదే. దిగిన తెల్లారే గీ తోటకు తోల్కచ్చిండ్రు. మీ అమ్మకు చెప్పుదామంటె నోరు రాలె. నీ నెత్తి మీద చెయ్యి పెట్టిన ఒట్టు తప్పిన. ఇంకో పిలగాన్ని ఎక్కిచ్చి పంపుదామనుకున్న. గని నీ ఆటల ఇంకెవడో ఉంటె నాకు మనసొప్పలే."

అమ్మ కంచంలో చెయ్యి కడుక్కుంది. ఆ రోజు బాపు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నన్ను ఎత్తనివ్వలేదు. నాకు బాపు మీద జాలి, ఏజెంటు మీద కసి, ఆ వీడియో వచ్చినందుకు లోపల్లోపల సంతోషం, ఆ సంతోషానికి సిగ్గు, అన్నీ ఒకేసారి కలిగాయి.

ఆదివారం నేను కోరుట్ల బయల్దేరుతుంటే అమ్మ కూడా చీర మార్చుకుని వచ్చి బస్సెక్కింది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. దుకాణంలో రచన అప్పటికే ఉంది. వీడియోలు కొత్త ఇంజిన్‌కు అచ్చంగా అతికాయి. అప్పటికే రెండు రోజులు ఇంట్లో కూర్చుని నేను బెల్టూ హెల్మెట్టూ తీసేసి, మామూలు మోకు వేసి ఉంచాను. తెర మీద బాపు మా వనంలో చెట్టెక్కుతున్నాడు. చేతులు చేతుల్లా, కాళ్ళు కాళ్ళలా ఉన్నాయి.

"ఏమే, మీ బాపు మళ్ళ మనిషైండు," అంది రచన. మధుకర్ ఈల వేశాడు.

అమ్మ తెర దగ్గరికి వచ్చింది.

"బెల్టేది?"

"మన దిక్కు బెల్టులుండయి గద అమ్మా. మోకే గద."

"జలపతికి గూడ లేకుండె," అంది అమ్మ. "పెట్టు."

మధుకర్ మెల్లగా అన్నాడు: "పంపనీకి రేపే ఆఖరు రోజు చిన్నమ్మా. బెల్టు మల్ల మొదటికెల్లి చెయ్యాలె. గంత టైం లేదు."

"అయితె పంపకుండ్రి."

నాకు కోపం తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళ చాకిరీ, ఆ తొలి పేజీ, మధుకర్ ఆపుకున్న వీసా, అన్నీ ఒక్క మాటతో తీసి పారేసింది. అనాల్సిన మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. కానీ అమ్మ చూపు తెర మీదే ఉంది. అక్కడ మోకు వేసుకుని బాపు పైపైకి ఎక్కుతుంటే, ఆమె చేతివేళ్ళు టేబుల్ అంచును బిగించి పట్టుకున్నాయి.

"బెల్టు పెడదాం," అన్నాను. "తొలి పేజీ లేకుంటె మానె."

మధుకర్ రచన వైపు తిరిగి, "ఎన్ని దినాలు పడ్తది?" అన్నాడు. రచన బ్యాగులోంచి లాప్‌టాప్ తీసింది.

మర్నాడు పొద్దున్నే కంపెనీ నాలుగోసారి వాయిదా ప్రకటించింది. కొత్త ఇంజిన్‌లో ఇంకా తప్పులున్నాయట. మధుకర్ ఫోన్ చేసి ఎంతసేపు నవ్వాడో చెప్పలేను. మా జీవితంలో మాకు పనికొచ్చిన మొదటి వాయిదా అది. రచన తీరిగ్గా బెల్టు అల్లింది, దాని కుట్లు కూడా కనిపించేట్టు. కొత్త గడువుకు ముందే పంపాం. తొలి పేజీకి ఎంచుకున్నామని వాళ్ళ దగ్గర్నుంచి జవాబొచ్చింది. మధుకర్ దుబాయ్ మామకు ఫోన్ చేసి, ఆ వీసా ఇంకెవరికన్నా ఇప్పించమన్నాడు.

ఆ సాయంత్రం అమ్మకు చూపించాను. బెల్టు కట్టుకున్న బాపు చెట్టెక్కి, లొట్టి తీసుకుని, క్షేమంగా దిగాడు. అమ్మ మళ్ళీ చూపించమంది. మూడోసారి చూశాక, "మీ బాపుకు ఫోన్ కలుపు," అంది.

మొదటి రింగుకే బాపు ఎత్తాడు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఏమయ్యా, గా బెల్టు రోజు పెట్టుకుంటున్నవా?"

"పెట్టుకుంటున్న. లేకుంటె ఎక్కనియ్యరు."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అయితె ఎక్కు," అంది. "అచ్చేటప్పుడు గసొంటిదే ఒకటి తెచ్చుకో. ఈడ మన చెట్లు గట్లనే ఉన్నయి."